విస్సన్నపేట సర్వరుపై పదకొండు చూపులు

రెండువేల ఆరవ సంవత్సరం జూలై మూడవ తేదీ, సోమవారం, ముసురు విడవని తిరువూరులో, మా జూనియర్ కళాశాల తన కంప్యూటరు అధ్యాపకుడు శౌరయ్యగారిని శాశ్వతంగా పోగొట్టుకుంది. విస్సన్నపేట శాఖలో కొలువుదీరిన సర్వరు మీద ఎంత భారం పడుతున్నదో ఇక్కడి ల్యాబులో కూర్చుని గీతరూపంలో చూడగల అనుమతి అంతవరకూ ఆయన ఒక్కరి పేరనే ఉండేది.

ఆ పీఠం శూన్యం కారాదని, ఎవరి మనసూ నొవ్వరాదని, సమదృష్టిసంపన్నురాలైన ప్రిన్సిపాల్ సరోజినీదేవిగారు పదకొండుగురు అధ్యాపకులకూ ఆ అనుమతి ప్రసాదించారు. అంతట ఆ పదకొండుగురు వీరులు, సుద్దపొడి ధూసరిత హస్తాలతో, పదకొండు యంత్రాల ముందు ఆసీనులై, సర్వరు ఎందుకు నెమ్మదించిందోనని ఏకకాలంలో గీతను తెరచి చూడసాగారు. ఆ చూపుల భారానికే సర్వరు కుంగింది. కుంగినకొద్దీ వారు మరింత తదేకంగా చూశారు.

ఆగస్టు అయిదవ తేదీ మూడు గంటలకు గంపలగూడెం నుంచి తల్లిదండ్రులు ఆటోల్లో వస్తారు. వారికి మార్కుల కార్డులు చేతికిస్తానని ప్రతిజ్ఞ చేసినవాడు గణితకేసరి సోమయాజులు. ఆ రోజు రానే వచ్చింది, రెండుంబావు కూడా అయింది. ఆ సర్వరు నుంచే అచ్చు కావలసిన కార్డుల్లో ఒక్కటీ రాలేదు. చూపులే శత్రుసేన అని గ్రహించిన ఆ ధీరుడు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

“సహాధ్యాపకులారా! ఇచ్చట వీక్షణమే ఆయుధప్రయోగము! ఎల్లరమూ మన అనుమతులను త్యజింపవలె!”

“ఏంటి సార్, నాటకం మొదలెట్టారు?” అంది హిందీ అధ్యాపకురాలు మాణిక్యమ్మ, గీత మీంచి కళ్లు తీయకుండా. “నేను దాన్ని ముట్టుకోనైనా లేదండి. ఊరికే చూస్తున్నా.”

“ఆ చూడ్డమే వద్దంటున్నా మేడమ్.”

“మరి మీ పేరో?”

 సోమయాజులు మౌస్ అనే గదాదండాన్ని ధరించి, అనుమతుల జాబితాలో మొట్టమొదట తన పేరునే తొలగించాడు.

“అయ్యో, కోపంగా అన్లేదు సార్,” అంది మాణిక్యమ్మ. “సరే, నాదీ తీసేయండి. గట్టిగా మాత్రం నొక్కకండి.”

ఒక్కొక్క పేరే నేలకూలింది. పదకొండవది రాలగానే, ఆకాశాన్నంటిన గీత అంగుళం దిగింది.

“ఇంకోటుందిగా సార్,” అంది మాణిక్యమ్మ మెల్లగా.

శౌరయ్యగారి పేరు.

“ఆయన ఇప్పుడు చూడ్డం లేదు కదండీ,” అన్నాడు సోమయాజులు. “దానివల్ల భారం ఏమీ లేదు.”

సరిగ్గా రెండు యాభైఎనిమిదికి ప్రింటరు గర్జించింది. జయము! లెక్కల్లో ముప్పైఆరు మార్కుల కార్డొకటి, కుడిమూల సిరా పట్టకపోయినా, గంపలగూడెపు ఒకానొక తండ్రి కోసం లోకంలో అవతరించింది.

సర్వరును చూసేందుకు మరొకరిని ఇంకా నియమించలేదు.