మూడు చక్రాల బండి, ఆరో కుర్చీ

మా భోజనాల బల్లకున్న ఆరు కుర్చీల్లో ఒకదాన్ని తీసెయ్యాలా వద్దా అన్న విషయమై మా ఇంట్లో పద్ధెనిమిది నెలలుగా సాగిన చర్చ, అందరికీ అనుకూలంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. కుర్చీ తియ్యలేదు.

చర్చ లేవదీసేది ఎప్పుడూ మా అమ్మాయే. రెండు నెలల కిందట ఒక ఆదివారం మళ్ళీ ఎత్తుకుంది. "ఒక్క కుర్చీ తీసి వసారాలో పెడితే, బాబాయి చక్రాల కుర్చీ ఆ చోట్లో సరిగ్గా పడుతుంది కదమ్మా!"

సెట్టులోంచి ఒకటి తీస్తే అది ఇక సెట్టే కాదని మా అత్తగారన్నారు. వసారాలో ఎండకి పాలిష్ పోతుందని నేనన్నాను. ఎవరైనా భోజనానికొస్తే ఎక్కడ కూర్చోబెడతామని మావారు అడిగారు.

"ఎవరొచ్చారు నాన్నా ఇన్నాళ్ళలో?"

"రాలేదు కాబట్టే కుర్చీ ఇంత కొత్తగా ఉంది" అని మామగారు తీర్పు చెప్పారు.

ఈలోగా కూర చల్లారిపోయింది. నేను మా మరిది కంచం తీసుకెళ్ళి, అతని గదిలో, అతని ఒళ్ళోని అట్ట మీద పెట్టి వచ్చాను.

మా మరిదికి ముప్పై ఒకటి. కరెంటు పని చేసేవాడు. నిచ్చెన మీంచి వెనక్కి పడి వెన్నుపాము దెబ్బతింది. నడుము కిందంతా కదలదు, ఏం తగిలినా తెలియదు. చేతులు మాత్రం మునుపటికన్నా గట్టిపడ్డాయి. అతన్ని మేం చాలా బాగా చూసుకుంటాం. కిటికీ వేద్దామని అతను చెయ్యి చాపితే చాలు, ఇద్దరు పరిగెత్తుతారు. వద్దు మొర్రో అన్నా పరిగెత్తుతారు. ఈ విషయంలో మా వీధిలో మాకు చాలా మంచి పేరుంది.

ఇన్ని సదుపాయాలున్న మనిషికి పని చెయ్యాలని బుద్ధి పుట్టడం మమ్మల్నందర్నీ నొప్పించింది. బజార్లో మోటార్ల షాపు నడిపే ఆవిడ, ఫ్యాన్ మోటార్లకు రాగితీగ చుట్టే పని ఇస్తానందట. కూర్చుని చేసే పని. వచ్చే నెల కాక పై నెల ఒకటో తారీఖుకి వస్తే పని అతనిది, రాకపోతే ఇంకొకరిది. "నిన్ను ఎవరు తీసుకొస్తారు?" అని ఆవిడ అడిగితే, "నేనే వస్తా" అన్నాడట. ఆ రెండు ముక్కలే మా ఇంటి ప్రశాంతతను పాడుచేశాయి.

ఊరి చివర రేకుల షెడ్డులో ఒక మెకానిక్ ఉన్నాడు. మామూలు బైకు వెనక ఇరుసు వేసి, రెండు చక్రాలు పెట్టి, వెన్ను దెబ్బతిన్నవాళ్ళు నడుపుకునే బండిగా మారుస్తాడు. పని తెలిసినవాడే గాని మర్యాద తెలియదు. మేం ఇంటిల్లిపాదీ వెళ్తే, మాకు బల్ల కూడా చూపించకుండా మరిది ముందు గొంతుక్కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఎంతసేపు కూచోగలవు? కాళ్ళు వాటంతటవే ఎగురుతుంటాయా?"

"అబ్బే, వాడికే బాధా లేదండి" అన్నారు మావారు.

"మిమ్మల్ని కాదు సార్."

"ఎగురుతాయి. చలికి ఎక్కువ" అన్నాడు మరిది.

అయితే పాదాలకు రేకు డబ్బాలూ వాటికి పట్టీలూ కావాలన్నాడు మెకానిక్. సైలెన్సరుకి అడ్డం రేకు కావాలి. కాలు కాలిపోతున్నా ఇతనికి తెలియదు. గేర్లు ఎడమ చేతికి, వెనక బ్రేకు కుడి చేతికి. నడుముకి బెల్టు, వీపుకి ఆనుడు. సీటు ఎత్తు చక్రాల కుర్చీ ఎత్తుకి సమానంగా ఉండాలి. అప్పుడే అతను చేతుల మీద పక్కకి జరిగి ఎక్కుతాడు. వెనక, చెయ్యి అందేచోట, మడిచిన కుర్చీ పెట్టుకోడానికి ఒక చట్రం.

ఇదంతా బాగానే ఉంది. కాని పెద్దవాళ్ళుండగా చిన్నవాడు ముందెక్కడం మా ఇంటా వంటా లేదు. అందువల్ల కొలతలకు మామగారు ముందు కూర్చున్నారు. ఆనుడు భుజాలకి తగులుతోంది, తగ్గించమన్నారు. తర్వాత మావారు కూర్చుని, కాళ్ళు బార్లా చాపుకోడానికి చోటు చాలడం లేదన్నారు. మెకానిక్ పెన్సిలు చెవిలో దోపుకున్నాడు.

"ఈ బండి ఎవరికి సార్?"

"మా కుటుంబానికి" అన్నారు మామగారు గంభీరంగా.

అప్పుడు మావారు అసలు లోపం కనిపెట్టారు. "వెనక మనిషి కూర్చునే సీటేదీ? వీణ్ణి ఒంటరిగా ఎలా పంపుతాం? ఆ చట్రం తీసేసి సీటు పెట్టండి."

"మరి కుర్చీ ఎక్కడ పెట్టుకుంటాడు? వెళ్ళినచోట దిగేదెలా?"

"దింపడానికే కదండీ వెనక మనిషి. ఎత్తుకుని దింపుతాం."

ఈ విధంగా, ఎక్కడికైనా వెళ్ళగలిగి ఎక్కడా దిగలేని వాహనానికి మా కుటుంబం ఏకగ్రీవంగా రూపకల్పన చేసింది. ముప్పై ఒక్కేళ్ళ మనిషిని నడిబజార్లో చంటిపిల్లాడిలా ఎత్తుకుంటే ఎలా ఉంటుందని మా అమ్మాయి అడగబోయింది. నేను కళ్ళెర్రజేశాను.

మరిది ఒక్కటే అన్నాడు. "వాళ్ళు చెప్పినట్టే చెయ్యన్నా. ఆ సీటుకి మాత్రం వెల్డింగ్ వద్దు, బోల్టులు బిగించు."

ఎంత అణకువగా చెప్పాడో అని మా అత్తగారు దారంతా మురిసిపోయారు.

బండి తయారయ్యాక తనిఖీకి తీసుకెళ్ళాం. తనిఖీ అధికారి చాలా నిజాయితీపరుడు. ఆయన కాగితంలో 'కాలి బ్రేకు పనిచేయుచున్నదా?' అని ఒక గడి ఉంది. కాలి బ్రేకు లేదన్నాం. లేదని రాయడానికి గడి లేదన్నారాయన. 'ఉన్నది, బాగున్నది', 'ఉన్నది, బాగులేదు' – ఈ రెండే ఉన్నాయి. నడిపే మనిషికి కాళ్ళు పనిచెయ్యవని మెకానిక్ మనవి చేశాడు. తాను వాహనాన్ని మాత్రమే పరీక్షిస్తానని, మనిషిని పరీక్షించడం వైద్యుడి పనని అధికారి సెలవిచ్చారు. మెకానిక్ షెడ్డుకి పోయి, ఒక పాత పెడలు తెచ్చి, దేనికీ తగలకుండా బండి అడుగున బిగించాడు. అధికారి స్వయంగా బూటుకాలితో నాలుగుసార్లు తొక్కి చూసి, 'ఉన్నది, బాగున్నది' అని సంతకం చేశారు. చేతి బ్రేకులకు ఆ కాగితంలో గడే లేదు కాబట్టి వాటి జోలికి పోలేదు.

ఇంత ఘనకార్యం జరిగితే మా వీధి సంక్షేమ సంఘం ఊరుకుంటుందా? సభ పెట్టారు. వేదికకు అయిదు మెట్లున్నాయి కాబట్టి మరిదిని కింద, ఎండలో, బండి పక్కన ఉంచారు. ఫొటోలకు అదే వీలుగా ఉంది కూడా.

"మిత్రులారా!" అన్నారు అధ్యక్షులు. "కాళ్ళు పోతేనేం? మనమందరం లేమా అతనికి కాళ్ళుగా? ఈ సోదరుణ్ణి చూస్తే నాకు కన్నీళ్ళాగడం లేదు. ఈ కుటుంబాన్ని చూస్తే చేతులు జోడించాలనిపిస్తోంది!"

జోడించారు కూడా. తర్వాత కిందికి దిగొచ్చి, బండెక్కి వీధి చివరిదాకా నడిపి ప్రారంభోత్సవం చేశారు. తిరిగొచ్చి తన కాళ్ళతో తాను దిగారు. జనం చప్పట్లు కొట్టారు. జ్ఞాపిక అందుకోడానికి మరిదిని వేదిక మీదికి రమ్మని మైకులో మూడుసార్లు పిలిచారు. ఎంతకీ రాకపోయేసరికి మావారు వెళ్ళి తీసుకున్నారు. మొహమాటస్థుడని సర్దిచెప్పాం.

నిన్న ఆదివారం, నెలాఖరు. మరునాడే ఒకటో తారీఖు. మధ్యాహ్నం మేం అయిదుగురం భోజనాలకు కూర్చున్నాం. మావారు గొంతు సవరించుకుని కుటుంబ నిర్ణయం ప్రకటించారు.

"రేపట్నుంచి వాణ్ణి పనికి పంపిద్దాం. ఒక్కణ్ణి కాదు. సోమ, మంగళ వారాలు నాన్నగారు వెనక కూర్చుంటారు. బుధవారం నేను. మిగతా రోజులు ఎవరికి కుదిరితే వాళ్ళు. కుదరకపోతే ఆ రోజు సెలవు."

ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఈ శుభవార్త పక్కగదిలో ఉన్నవాడికి చెప్పిరమ్మని మావారు నాకు సైగ చేశారు. నేను అతని కంచం పట్టుకుని లేచాను.

ఈలోగా అతనే వచ్చాడు. చక్రాల కుర్చీ గుమ్మం దాటి వచ్చి, బల్ల పక్కన, చోటున్నంత మేర వచ్చి ఆగింది. ఒళ్ళో అట్ట లేదు. అట్టకి బదులు, బండికి వెనక బిగించిన ఆ సీటుంది. దాని మీద నాలుగు బోల్టులున్నాయి.

"పొద్దున్న షెడ్డుకెళ్ళొచ్చా అన్నయ్యా. దీన్ని విప్పి చట్రం పెట్టించా" అన్నాడు.

"ఎవరితో వెళ్ళావురా?" అన్నారు అత్తగారు.

"ఒక్కణ్ణేనమ్మా. మీరంతా హాల్లోనే ఉన్నారు. ఎవరూ చూడలేదు."

సీటు ఎక్కడ పెట్టాలా అని అటూ ఇటూ చూసి, ఖాళీగా ఉన్న ఆరో కుర్చీలో పెట్టాడు.

"ఇంకోటి. షాపు వెనక గదుంది. గడప లేదు. దాన్ని అద్దెకి తీసుకున్నా. రేపట్నుంచి అక్కడే ఉంటా."

"భోజనం?" అన్నాను నేను, చేతిలో అతని కంచంతోనే.

"షాపువాళ్ళంతా కలిసే తింటారు వదినా. పెద్ద బల్లే ఉంది. పొద్దున్న షెడ్డు నుంచి అటే చూడ్డానికెళ్తే, నన్ను చూడగానే ఆవిడ ఒక పక్క కుర్చీ తీసేసింది."

"అడిగావా తియ్యమని?" అంది మా అమ్మాయి.

"లేదమ్మలూ. అడిగేదాకా ఎందుకు?"

మా అత్తగారు లేచి, బోల్టులు గీసుకుంటే పాలిష్ పోతుందని ఆ సీటు తీసి వసారాలో పెట్టారు. నేను కుర్చీని గుడ్డతో తుడిచాను. ఒక్క గీత కూడా పడలేదు.

సెట్టు సెట్టులాగే ఉంది. అయిదుగురం, ఆరు కుర్చీలు. మీరెప్పుడైనా భోజనానికొస్తే కూర్చోడానికి చోటుంది; మీ కోసమేగా ఇన్నాళ్ళూ కాపాడాం. రండి.