పోటీ వారంలో పోయిన మనిషి

బ్రాకెన్‌లా ఉల్లిగడ్డల పెంపకందార్ల సంఘం వరుస విజేత సెప్టిమస్ డాడ్స్ గారు, సరిగ్గా పోటీ వారంలో, ఎవరినీ సంప్రదించకుండా సోమవారం ఉదయం కన్నుమూశారని తెలియజేయడానికి చింతిస్తున్నాం. ఆయన ఉల్లిగడ్డ క్షేమం.

సంఘం గౌరవ కార్యదర్శిగా ఆ వారంలో జరిగినదంతా ఉన్నది ఉన్నట్టు చెప్పడం నా బాధ్యత. మాది ఒకప్పుడు బొగ్గు గని ఊరు. గని మూసేశారు గాని మా మగవాళ్లకు అలవాటు పోలేదు. భూమిలోంచి పెద్దదేదో ఒకటి పైకి తీసుకురాకపోతే వాళ్లకు తిండి సహించదు. అందుకే ప్రతి ఇంటి పెరట్లో ఒక గాజు షెడ్డు, అందులో పసిబిడ్డ తలకన్నా పెద్ద ఉల్లిగడ్డలు. క్రిస్మస్ మర్నాడు విత్తనం వేస్తాం. మొలకకు ఇంట్లో అన్నిటికన్నా వెచ్చని గది ఇస్తాం. ఆ చలికాలమంతా పిల్లలు చల్లటి గదిలో పడుకుంటారు. పిల్లలకైతే చలేస్తే దుప్పటి లాక్కునే తెలివి ఉంటుంది, మొలకకు ఉండదు కదా.

గడ్డకు ఏం పోసి పెంచాలన్నది ఎవరి రహస్యం వారిది. ఒకరు నల్ల బీరు పోస్తారు, ఒకరు గొర్రె పెంటికలు నానబెట్టిన నీళ్లు పోస్తారు, మా అధ్యక్షులు ఆస్వాల్డ్ ట్రాటర్ గారు రెండూ కలిపి పోసి, మిగిలిన బీరు తాము పుచ్చుకుంటారు. ఈ రహస్యాలు భార్యలకు కూడా చెప్పం. వాళ్లూ అడగరు. ఆ వాసన తగిలాక అడగాలనిపించదు.

సెప్టెంబరులో, పోటీ జరిగే వారం మరీ గడ్డుకాలం. ఎదుటివాడి గడ్డకు కత్తితో గాటు పెట్టిపోయే పాపాత్ములు ఆ వారంలోనే తిరుగుతారు. గాటు పడ్డ గడ్డ పోటీకి పనికిరాదు. ఆ పాపాత్ములెవరో ఇంతవరకు తేలలేదు కనుక అందరికీ అందరి మీదా అనుమానమే. ఎవరి షెడ్డు దగ్గర వారు కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాం. దీన్నే మేము సంఘ స్ఫూర్తి అంటాం.

అటువంటి వారంలో సెప్టిమస్ పోయాడు. సంఘం మొత్తం తరలివెళ్లి ఆయన భార్య హిల్డాను పరామర్శించింది. పరామర్శ ఆద్యంతం గంభీరంగా సాగింది. ఒకరు ఆమె చెయ్యి పట్టుకుంటే, మరొకరు కిటికీలోంచి పెరటి వైపు చూశారు. సెప్టిమస్ షెడ్డుకు తాళం వేసి ఉంది. గాజు అవతల పాత బొంత కప్పిన గుట్టలాంటిది కనిపించింది. అది గుమ్మడికాయంత ఉందని కొందరు, కాదు, గొర్రెపిల్లంత ఉందని కొందరు, ఏడుపు ముఖాలతోనే లోగొంతుకలో వాదించుకున్నారు.

"వదినా," అన్నాడు క్లారెన్స్ బెల్, టోపీ చేత్తో నలుపుతూ. నాలుగేళ్లుగా సెప్టిమస్ చేతిలో ఓడిపోయి రెండో స్థానంలో ఉంటున్నవాడు ఇతనే. "పోయేముందు ఆయనేమైనా అన్నాడా? అంటే, ఏం పోసేవాడో... అదే, ఏదైనా మంచి మాట."

"కిటికీ మూసెయ్యమన్నాడు," అంది హిల్డా.

ఆ సాయంత్రానికల్లా బ్రాకెన్‌లాలో గాజు షెడ్ల కిటికీలన్నీ మూతపడ్డాయి. నేనూ మూశాను. చచ్చిపోతున్న మనిషి అబద్ధమాడడని మా నమ్మకం. బుధవారం విపరీతంగా ఎండ కాసింది. క్లారెన్స్ పెద్ద గడ్డ ఆ ఉక్కకు మెడ దగ్గర మెత్తబడి, చేత్తో ముట్టుకుంటే లోపలికి దిగిపోయింది; ఇక పోటీకి అతనికి రెండో గడ్డే దిక్కు. అతను వీధిలో నిలబడి, ఆ సెప్టిమస్ బతికుండగా నాలుగుసార్లు ఓడించింది చాలక చచ్చి కూడా దెబ్బ తీశాడని పళ్లు కొరికాడు. సెప్టిమస్ పడుకున్న గది కిటికీలోంచి చలిగాలి వచ్చి ఉంటుందని, అందుకే మూయమని ఉంటాడని క్లారెన్స్ భార్య అన్నది. ఆడవాళ్లకు వ్యవసాయం తెలియదని మేము సరిపెట్టుకున్నాం.

ఇంతలో అంత్యక్రియల సమస్య వచ్చిపడింది. మా పాదిరి గారికి నాలుగు ఊళ్ల చర్చిలు. ఆయనకు శనివారం పొద్దున పదింటికే తీరిక. అది దాటితే రెండు వారాలు సెలవు మీద వెళ్తారు. శనివారమే పోటీ, గడ్డలు తూచే రోజు. మధ్యాహ్నం పన్నెండులోగా గడ్డలు క్లబ్బు బల్లల మీద ఉండాలి. సంఘం అత్యవసరంగా సమావేశమై, హిల్డాను కూడా పిలిపించి కూర్చోబెట్టింది. ఆస్వాల్డ్ గారు లేచి, కోటు బొత్తాం పెట్టుకుని ప్రసంగించారు.

"మన ప్రియతమ సోదరుడి సేవలు మరువలేనివి. ఆయన ఎప్పుడూ నిదానస్థుడు. విత్తనం వేస్తే మొలక కోసం తొందరపడిన మనిషి కాదు. కాబట్టి ఈ విషయంలో కూడా ఆయన ఒక రెండు వారాలు వేచి ఉండటానికి సంతోషంగా అంగీకరించేవారని మనవి చేస్తున్నాను."

చప్పట్లు కొట్టబోయి, సందర్భం గుర్తొచ్చి మానుకున్నాం.

"రెండు వారాలా?" అంది హిల్డా. "పట్నంలో శవాలు దాచే ఆ చల్లటి గదిలోనా? శనివారం పెట్టుకుందాం. మొయ్యడానికి నాకు ఆరుగురు కావాలి."

"అద్దెకు మనుషులు దొరుకుతారు వదినా," అన్నాడు క్లారెన్స్. "నల్ల కోట్లు కూడా వాళ్లవే."

"మీ నాన్నని మోసింది ఎవరు క్లారెన్స్? మోకాలి వాపుతో, ఆ వానలో? ఆస్వాల్డ్, మీ అమ్మని గుట్ట మీదికి మోసింది ఎవరు? ఇప్పుడాయన్ని ముక్కూమొహం తెలియనివాళ్లు మొయ్యాలా? అదే జరిగితే ఈ వీధిలో మీలో ఒక్కళ్ల మొహం కూడా నేను చూడను."

నాకు ఆమె మీద నిజంగా జాలి కలిగింది. ఆ జాలి నా షెడ్డు గుమ్మం దాకా వెళ్లి అక్కడ ఆగిపోయింది.

"రామని కాదు వదినా," అన్నాను. "ఆ పొద్దున అందరం తోటలు వదిలేసి వస్తే, వెనకాల ఎవడైనా కత్తి పట్టుకుని..."

"అయితే వాటిని కూడా చర్చికి తీసుకురండి," అని విసురుగా లేచిపోయింది హిల్డా.

ఆమె ఎగతాళికి అన్న ఆ మాటను సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది.

శనివారం పొద్దున చర్చి చూడముచ్చటగా ఉంది. మోసేవాళ్లం ఆరుగురం నల్ల కోట్లు వేసుకుని, ఆరు పసిపిల్లల బండ్లు తోసుకుంటూ వచ్చాం. ఊరి అటకల మీద ఉన్న బండ్లన్నీ దిగాయి. ప్రతి బండిలో ఒక గడ్డ, కింద దిండు, పైన ఉన్ని దుప్పటి. పాదిరి గారు దేశం దక్షిణపు కొస నుంచి వచ్చిన మనిషి, మా ఊరికి కొత్త. వరుసగా నిలిచిన బండ్లను చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఎంతమంది మునిమనవలు ఆయనకి," అన్నారు మెల్లగా.

సెప్టిమస్‌కు పిల్లలే లేరు. పాదిరి గారు మొదటి బండి మీదికి వంగి, దీవించడానికి దుప్పటి తొలగించారు. కాసేపు చూశారు. మళ్లీ దుప్పటి కప్పారు. "బాగా నిద్రపోతున్నాడు," అని ముందుకు వెళ్లిపోయారు. దేవుడి పనిలో ఉన్నవాళ్లకు ఉండవలసిన నిబ్బరం అది.

ప్రార్థన బాగా జరిగింది. కొవ్వొత్తుల సెగ తగలకుండా బండ్లను రెండుసార్లు జరిపాం. చివరికి ప్రతి మనిషీ దేవుడి తక్కెడలో తూగవలసిందేనని పాదిరి గారు అన్నప్పుడు ఆరుగురం ఒక్కసారిగా ముందుకు వంగాం. అంత శ్రద్ధగా వినే జనాన్ని ఆయన అంతకుముందు చూసి ఉండరు.

చిక్కల్లా శవపేటిక ఎత్తే వేళ వచ్చింది. మేము ఆరుగురం సమాధుల దాకా వెళ్తే బండ్లకు కాపలా ఎవరు? భార్యలను నమ్మడానికి లేదు. ఎవరి భార్య వారి పక్షం, పైగా క్లారెన్స్ భార్య చేతిలో మొన ఉన్న గొడుగు ఉంది. ఆర్గన్ వాయించే అతను ఆస్వాల్డ్ గారి బావమరిది. పాదిరి గారేమో మాతోపాటే రావాలి. పెట్టె అలాగే ఉండిపోయింది. పాట రెండోసారి అయిపోయి మూడోసారి మొదలైంది. ఆస్వాల్డ్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ ఊరిలో పక్షపాతం లేని వ్యక్తి ఒక్కరే ఉన్నారు. ఆమె పోటీలో లేరు. ఆమె నిజాయితీని సంఘం పూర్తిగా విశ్వసిస్తున్నది. హిల్డా వదినా, మేము సెప్టిమస్‌ను సాగనంపి వచ్చేదాకా మీరు ఇక్కడే ఉండి ఈ బండ్లు చూస్తూ ఉండవలసిందిగా సంఘం మిమ్మల్ని గౌరవపూర్వకంగా కోరుతున్నది."

సంఘం చరిత్రలో ఒక స్త్రీకి ఇంతటి గౌరవం దక్కడం ఇదే మొదటిసారి. హిల్డా పెట్టె వైపు చూసింది, బండ్ల వైపు చూసింది.

"నేను మా ఆయన వెనకాల నడవడానికి వచ్చాను ఆస్వాల్డ్," అంది చివరికి. "గడ్డలకి ఆయాగా రాలేదు."

ఆమె చేతి తొడుగులు తీసేసింది. ఆస్వాల్డ్ గారి బండి దగ్గరకు వెళ్లి, దుప్పటి తీసి, ఆ గడ్డను రెండు చేతులా ఎత్తుకుని, శవపేటిక మీది పూలు పక్కకు నెట్టి వాటి మధ్య కూర్చోబెట్టింది.

"మిగతావి కూడా పెట్టండి. ఊరంతా చూస్తుండగా ఎవడు గాటు పెడతాడో చూస్తాను. జారిపడితే మాత్రం మోసేవాళ్లదే పాపం."

మా ఊళ్లో శవపేటిక మామూలుగా కొంచెం ఊగుతూ వెళ్తుంది, మోసేవాళ్లు క్లబ్బులో బీరు పుచ్చుకుని వస్తారు కనుక. ఆ రోజు మాత్రం గుట్ట దారంతా నిండు టీ కప్పుల పళ్లెం మోసినట్టు మోశాం. ఒక్కరమూ దగ్గలేదు. అడుగు తీసి అడుగు వేసేముందు ముందువాడు గులకరాయి ఎక్కడుందో గుసగుసగా చెప్పేవాడు, వెనకవాళ్లం తల ఊపేవాళ్లం. దారిలో బస్సు ఆగింది, డ్రైవరు దిగి టోపీ తీశాడు. ఒక మనిషిని ఇంత భయభక్తులతో మోయడం తన జన్మలో చూడలేదని ఒక ముసలమ్మ కళ్లొత్తుకుంది. వెనకాల హిల్డా తలెత్తుకుని, నిటారుగా, ఒంటరిగా నడిచింది. మా ఊళ్లో రాజులెవరూ పోలేదు గాని, పోయి ఉంటే ఇంతకన్నా బాగా మోసేవాళ్లం కాదు. గొయ్యి దగ్గర ముందు గడ్డలు దించుకున్నాం, తర్వాత సెప్టిమస్‌ను దించాం.

పాదిరి గారి ఆమెన్ పూర్తయ్యేసరికి మేము గుట్ట దిగుతున్నాం. పన్నెండులోగా ఆరు గడ్డలూ బల్ల ఎక్కాయి. పోటీ ఫలితాలు చెప్పడానికి ఇది సందర్భం కాదు. నాకు మూడో బహుమతి వచ్చింది.

మధ్యాహ్నం హిల్డా ఇంట్లో వచ్చినవాళ్లందరికీ భోజనం. సంఘం నుంచి ఒక్కరు కూడా మానలేదు. పెంచినవాడే చేతులారా తెస్తే తప్ప గడ్డ పోటీకి చెల్లదు కాబట్టి సెప్టిమస్ గడ్డ బల్ల ఎక్కలేదు. కాని దాన్ని కళ్లారా చూడాలని, వీలైతే తూచాలని అందరికీ ఉంది. ఆస్వాల్డ్ గారు క్లబ్బు కాటా కోటు కింద దాచుకుని వచ్చారు. హిల్డా హామ్ ముక్కలు, రొట్టె, వేడివేడి ఉల్లిగడ్డ సూపు వడ్డించింది. సూపు అద్భుతంగా ఉంది. క్లారెన్స్ మూడు గిన్నెలు తాగి, మూతి తుడుచుకుని, మర్యాదగా అడిగాడు.

"వదినా, ఒక్కసారి షెడ్డు తాళం ఇస్తావా? ఆయన గడ్డకి దణ్ణం పెట్టుకుని పోతాం."

"షెడ్డులో ఏముంది?" అంది హిల్డా, ఇంకెవరికో సూపు పోస్తూ. "అంతా గిన్నెల్లోనే ఉంది."

చెంచాలు ఆగిపోయాయి. ఆస్వాల్డ్ గారు టోపీ తీసేశారు. సోమవారం నుంచి ఆ క్షణం దాకా సంఘంలో ఎవరి కంట్లోనూ రాని నీళ్లు అప్పుడొచ్చాయి. క్లారెన్స్ వెక్కివెక్కి ఏడ్చాడు. నాలుగేళ్లు తనను ఓడించిన గడ్డల వంశంలో చివరిదాన్ని అతను మూడు గిన్నెలు తాగేశాడు. అది ఏడవవలసిన విషయమే, అందులో సందేహం లేదు.

"కోసేముందు..." అన్నాడు ఏడుపు ఆపుకుంటూ. "కోసేముందు తూచావా వదినా?"

హిల్డా గరిటె కింద పెట్టింది.

"తూచలేదు. సోమవారం నుంచీ మీరంతా నా గుమ్మం తొక్కుతూనే ఉన్నారు. ఆయనకేమొచ్చింది, దేనితో పోయాడు అని ఒక్కళ్లు అడగలేదు. మీరు అది అడగలేదు, నేను ఇది తూచలేదు."

వేసిన ప్రశ్నకు ఈ జవాబుతో సంబంధం లేదని సంఘం అభిప్రాయపడింది. గడ్డ బరువు విషయం ఇప్పటికీ తేలలేదు.

మా ఊరివాళ్ల హృదయాల గురించి నాలుగు మాటలు అనాలని మీకు ఈపాటికి నోరు దురదపెడుతూ ఉండవచ్చు. నిరభ్యంతరంగా అనండి. కాకపోతే మీరు ఇంతదూరం చదివింది ఆ గడ్డ ఎంత తూగిందో తెలుస్తుందనా, ఆ మనిషికి ఏమైందో తెలుస్తుందనా అన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు. సెప్టిమస్ పోవడంతో సంఘంలో ఒక స్థానం ఖాళీగా ఉంది. మీకు సభ్యత్వం ఇవ్వడానికి మాకు ఎటువంటి అభ్యంతరమూ లేదు.