ఆరో ఫోటో

ఆ రోజు పొద్దున్నే ఓబులేష్ పెట్టుకున్న పని ఒక్కటే. యజమాని గోపన్న షాపుకు వచ్చేలోపు, ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర కట్టిన కాలేజీ ఫ్లెక్సీని విప్పేయాలి.

ఓబులేష్ ఆ కాలేజీలోనే ఇంజనీరింగు చదివి, ఫ్లెక్సీ షాపులో డిజైనరుగా చేరాడు. ఉద్యోగాలొచ్చిన ఆరుగురు విద్యార్థులతో ఫ్లెక్సీ వేయమని కాలేజీవాళ్లు ఐదు ఫోటోలే పంపారు. ఆరోది తర్వాత పంపుతామన్నారు. చోటు సరిపోతుందో లేదో చూడటానికి అతను తన ఫోటో, పేరు పెట్టి, కింద ‘ప్యాకేజీ పన్నెండు లక్షలు’ అని కొట్టాడు. ఆరో ఫోటో రాలేదు. ఓబులేష్ మరిచిపోయాడు. మిషన్ మరిచిపోలేదు.

పోయిన నెలలో ఒక పెద్దాయన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద జన్మదిన శుభాకాంక్షలు అచ్చేసినప్పుడే గోపన్న చెప్పేశాడు, ఇంకో తప్పు జరిగితే పనిలోంచి తీసేస్తానని. నూలు దొరక్క నాన్న మగ్గం సగం రోజులు ఊరకే ఉంటోంది. ఇల్లు నడిచేది ఈ జీతంతోనే.

నిచ్చెన వేసేసరికి ఫ్లెక్సీ కింద అమ్మ చౌడమ్మ టెంకాయతో నిలబడి ఉంది.

"ఏంరా, ఇంత పెద్ద ఉద్యోగమొస్తే ఇంట్లో చెప్పకుండా దాస్తాండావా?"

"అది నేను కాదు మా!"

"నీ మొగం నాకు తెలీదా?" అంటూ ఆవిడ స్తంభానికేసి టెంకాయ కొట్టింది.

టెంకాయ చిప్పలు ఏరుకునేలోపే కబురు మగ్గాల వీధంతా పాకింది. చూడొచ్చిన జనం ఫ్లెక్సీని విప్పనీయలేదు. ఓబులేష్ షాపుకు చేరేసరికి అతన్ని అభినందిస్తూ ఫ్లెక్సీలు వేయించాలని జనం వరుస కట్టారు. డిజైను చేయాల్సింది అతనే.

"నా బొమ్మ పెద్దగా ఏయప్పా. నీది యాడన్నా మూలన పెట్టుకో" అన్నాడు పక్కింటి సుంకన్న.

ఓబులేష్‌కు ఏడుపొక్కటే తక్కువ. "మామా, నిజం చెప్తాండా. నాకు ఏ ఉద్యోగమూ రాలేదు. ఈ షాపులో నెలకు పన్నెండు వేలు, అంతే."

"చూడండప్పా, అంత సంపాదిస్తాండినా పిల్లోనికి ఎంత అణకువ ఉండాదో!" అని సుంకన్న మురిసిపోయాడు.

ఇది వింటూనే గోపన్న లోపలికొచ్చాడు. అతని వెనకే కాలేజీ ప్రిన్సిపాల్ ఉమామహేశ్వర కారు దిగాడు.

"తప్పయిపోయింది సార్. ఫ్లెక్సీ తీసేస్తా, వీన్నీ తీసేస్తా" అని గోపన్న చేతులు జోడించాడు.

"దేన్నీ తీయొద్దప్పా! పొద్దున్నుంచి మగ్గాల వీధంతా మా అడ్మిషన్ల రూములోనే ఉండాది. తెలిసిన మొగం కదా!"

"మరి ఆ ఆరో పిల్లోడు ఒప్పుకుంటాడా సార్?" అనడిగాడు ఓబులేష్.

ప్రిన్సిపాల్ గొంతు తగ్గించాడు. "ఆరోవాడు యాడుండాడప్పా? ఐదుగురే అయితే ఒక పక్క బోసిగా ఉంటాదని ఆరుగురన్నాం."

ఆయన ఆదోనికి, మంత్రాలయానికి అదే ఫ్లెక్సీలు ఇంకో పది చెప్పి వెళ్లాడు. గోపన్న బయట నిలబడ్డ వరుస వంకా, ఓబులేష్ మొహం వంకా మార్చి మార్చి చూసి, జీతం వెయ్యి పెంచాడు.

నాలుగేళ్లు చదివిన ఆ కాలేజీ వల్ల ఓబులేష్ సంపాదన పెరగడం అదే మొదటిసారి.