కోపానికి గడువు పొద్దుగుంకేదాకా

కొత్తగా పెళ్లయిన చెల్లెళ్లకు నాదొక సలహా. మొగుడితో పోట్లాడాలనుంటే మధ్యాహ్నం భోజనాల్లోపే మొదలుపెట్టండి. సాయంత్రానికి వాయిదా వేశారో, అసలే చలికాలం, పొద్దు చాలదు!

నవ్వకండి. నాకు పెళ్లయి ఏడాది కాలేదు గానీ ఈ శాస్త్రంలో అనుభవం మాత్రం పండిపోయింది. పటమటలో మా ఇంట్లో ప్రతి శుక్రవారం సాయంత్రం వాక్యం కూడిక, అంటే బైబిలు పాఠం, జరుగుతుంది. వీధిలోని కుటుంబాలన్నీ మా హాల్లో చాపల మీద సర్దుకుంటాయి. పాఠం చెప్పేది సంపూర్ణమ్మ ఆంటీ. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కాబట్టి హోంవర్కు ఇవ్వకుండా ఎవర్నీ ఇంటికి పంపరు. ఈసారి ఎత్తుకున్న అంశం ‘కుటుంబ జీవితంలో వాక్యం’. ఒక శుక్రవారం పాఠం వింటాం. వారమంతా ఇంట్లో ఆచరిస్తాం. మరుసటి శుక్రవారం ఒకరు లేచి, ఆచరిస్తే ఏమైందో సాక్ష్యం చెబుతారు.

ఇంటి సంగతులు వీధికి చెప్పుకోవడమేమిటని కొందరు మూతి విరుస్తారు. వాళ్లకు లోకజ్ఞానం తక్కువ. పూర్వం కొత్త కోడలి సంగతులు నలుగురికీ తెలియాలంటే పక్కింటావిడ గోడ దగ్గర ఎంతసేపు నిలబడాల్సి వచ్చేది! ఇప్పుడు కోడలే లేచి నిలబడి చెప్పేస్తుంది. పక్కింటావిడ హాయిగా కూర్చుని టీ తాగుతూ వింటుంది. ఇది వరం కాదా?

అసలు విషయంలోకి వెళ్లే ముందు చిన్న మాట. పెళ్లికి ముందు మా ఆయన జోయెల్ నాకొక మాటిచ్చారు. ఒక సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద ఇద్దరమే నిలబడి పొద్దుగుంకడం చూద్దామన్నారు. అదింకా కుదరలేదు. ఆయనకు ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపు. మామూలు రోజుల్లో ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలుగుతుంటాయి. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం చుట్టాలు, సాయంత్రం యూత్ మీటింగు. శుక్రవారం ఒక్కరోజే షట్టరు పెందలాడే దించుతారు. అది కూడిక కోసం. సరే, అదంత పెద్ద విషయం కాదు. వరాల సంగతి చూద్దాం.

మొదటి పాఠం, ఎవరైనా ఒక మైలు రమ్మంటే రెండు మైళ్లు వెళ్లాలని. జోయెల్ దాన్ని మనసారా అందుకున్నారు. కిలో వంకాయలు తెమ్మంటే రెండు కిలోలు తెచ్చారు. గ్యాస్ లైటరంటే రెండు లైటర్లు. ఆ వారం మా ఇంట్లో వంకాయ వేపుడు, వంకాయ పచ్చడి, గుత్తివంకాయ, ఇంకా పేరు పెట్టని వంకాయ వంటకం ఒకటి. శుక్రవారం కూడికకు వచ్చిన వాళ్లకు టీతోపాటు వంకాయ బజ్జీలు. ఆచరణ ఫలాన్ని అందరూ రుచి చూశారు.

రెండో పాఠం, ఎదుటివాళ్ల కంట్లో నలుసు ఎంచే ముందు మన కంట్లో దూలం తీసుకోవాలని. చేపల పులుసులో ఉప్పు తగ్గిందని చెప్పబోయి జోయెల్ ఆగారు. ముందు తన తప్పులు చెప్పుకున్నారు. తడి తువ్వాలు మంచం మీద వేశానన్నారు. నీ చార్జరు షాపుకు పట్టుకెళ్లానన్నారు. మీ నాన్న ఫోన్ చేస్తే ఎత్తలేదన్నారు. ఉప్పు దాకా వచ్చేసరికి గిన్నె ఖాళీ! వారమంతా నా వంటకు ఒక్క వంక లేదు. కొత్త కోడలికి ఇంతకంటే ఏం కావాలి?

మృదువుగా మాట్లాడితే కోపం చల్లారుతుందన్న వారం ఇంకా బాగుంది. ఇంటిల్లిపాదీ గుసగుసల్లోకి దిగాం. మావయ్యగారికి వినికిడి కాస్త తక్కువ. రెండు రోజులు చూసి, నా గురించేనా ఈ గుసగుసలు అని అన్నం మానేసినంత పని చేశారు. “మెల్లగా మాట్లాడుకుంటున్నామండీ” అని మా అత్తయ్య మార్తగారు వీధి చివరిదాకా వినబడేలా అరిచి చెప్పాల్సి వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆ తర్వాతి పాఠం ఒక ఎత్తు. కోపం ఉండగా పొద్దు గుంకకూడదు! రాజీ ఏదైనా వెలుగుండగానే పడిపోవాలి.

ఆ రోజు నుంచి మా కూడిక వాట్సాప్ గ్రూపులో అత్తయ్య రోజూ ఒక మెసేజి పెడుతున్నారు: ‘ఈరోజు సూర్యాస్తమయం 5.41. అందరూ గమనించగలరు. వందనాలు.’ మా వీధిలో సాయంత్రం ఐదు దాటితే చూడాలి సందడి. భార్యాభర్తలు గబగబా రాజీపడుతుంటారు. తోడికోడళ్లు గేట్ల దగ్గరే కలిసిపోతుంటారు. పోట్లాట దేని గురించో ఎవరికీ గుర్తుండదు. గుర్తు తెచ్చుకునే టైమేది?

జోయెల్ ఆటోనగర్‌లో ఉంటారు కాబట్టి మా రాజీలన్నీ ఫోన్లోనే.

“హెలెన్, సారీ.”

“దేనికండీ?”

“ఏమో, ఏదన్నా ఉంటే దానికే. లారీలోంచి గేర్‌బాక్సులు దింపుతున్నారు, మళ్లీ ఫోన్ చేసే తీరిక దొరకదు.”

“నాకేం కోపం లేదండీ.”

“అట్టా అనొద్దు. క్షమించానని ఒక్క మాట అను, పెట్టేస్తా. ఇక్కడ పొద్దు వాలిపోతుంది.”

క్షమించాను. దేనికో ఇప్పటికీ తెలియదు. చేయబోయే తప్పుకు కూడా ముందే క్షమాపణ అందుకునే భాగ్యం ఎంతమంది ఆడవాళ్లకుంది?

ఒకసారి మాత్రం చిక్కొచ్చింది. సినిమాకు తీసుకెళ్తానన్న మనిషి రాత్రి తొమ్మిదికి గ్రీజు చేతులతో వచ్చారు. నాకు కోపం వచ్చింది. మరి పొద్దు ఎప్పుడో గుంకిపోయిందే! నేరుగా అత్తయ్యనే అడిగాను.

ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే తీర్పిచ్చారు. “పొద్దుగుంకినాక వచ్చిన కోపానికి మర్నాడు పొద్దుగుంకేదాకా గడువుంటదమ్మా. కడుపులో పెట్టుకోకుండా తీరిగ్గా పోట్లాడుకో” అన్నారు. ఇలాంటి అత్తగారు ఎవరికి దొరుకుతారు చెప్పండి!

మొన్న శుక్రవారం సాక్ష్యం నా వంతు. ఆ రోజు పాఠం, భార్యాభర్తలు ఒకరికొకరు సమయమివ్వాలని. సంపూర్ణమ్మ ఆంటీ మొదలుపెట్టే ముందు నేను లేచాను.

“వారమంతా పొద్దుగుంకేలోపే రాజీపడ్డాం ఆంటీ. ఇవాళ మాత్రం ఒకటి మిగిలిపోయింది.”

“ఏం మిగిలిందమ్మా?”

“కోపం.”

హాల్లో టీ గ్లాసులన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. జోయెల్ టైల్స్ మీద డిజైను చూడసాగారు.

“బ్యారేజీ మీద పొద్దుగుంకడం చూపిస్తానని పెళ్లికి ముందు మాటిచ్చారు. రోజూ అది గుంకేలోపు రాజీపడుతున్నాం గానీ, అది గుంకడం మాత్రం ఒక్కసారీ కలిసి చూడలేదు.”

“షాపులో పని...” అన్నారు జోయెల్.

“ముందు నీ దూలం సంగతి చెప్పరా” అన్నారు మావయ్య. ఏ మాటా వినపడని మనిషికి ఆ రోజు అన్నీ వినిపించాయి.

“తప్పు నాదే. నాకు కుదిరేది శుక్రవారం ఒక్కటే. శుక్రవారమేమో...” జోయెల్ హాలంతా ఒకసారి చూసి ఆపేశారు. చాపల మీద వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

అత్తయ్య ఫోన్ తీశారు. “ఇంకో అరగంటలో గుంకుద్ది. లేవరా, బండి తాళాలు తీసుకో.”

“మరి పాఠం?”

“పిల్ల ఆచరణ అంటుంటే పాఠమేందిరా” అన్నారు అత్తయ్య.

బెంజి సర్కిల్ దగ్గర ఎర్ర లైటు పడింది. ఎదురుగా సూర్యుడు ఏ లైటుకూ ఆగకుండా దిగిపోతున్నాడు. జోయెల్ భుజం పట్టుకుని, పోనివ్వండి పోనివ్వండి అంటూనే ఉన్నాను. బ్యారేజీ మీదికి చేరి బండి స్టాండు వేసేసరికి నీళ్లకు జానెడు ఎత్తులో ఉన్నాడు. పెనం మీద చెదరని పచ్చసొనలా ఉన్నాడు. నదిమీద గాలి చల్లగా ముఖానికి కొట్టింది. జోయెల్ వేయించిన వేరుశెనక్కాయల పొట్లం కొన్నారు. అడగకపోయినా రెండు కొన్నారు.

“కోపం పోయిందా?” అన్నారు పొట్లం విప్పుతూ.

“ఆగండి. ఇంకా అంచు కనబడుతోంది.”

ఆయన నవ్వారు. ఇద్దరం రెయిలింగు మీద మోచేతులు ఆనించుకుని ఆ అంచునే చూశాం. అది కాస్తా నీళ్లలోకి జారిపోయింది. కోపం కూడా పోయింది. జోయెల్ ఏదో చెప్పడానికి నా వైపు వంగారు. అది ఏమిటో మీకు చెప్పేదాన్నే గానీ, నాకే వినపడలేదు. వెనక ఆటోలు వచ్చి ఆగాయి.

ముందుగా సంపూర్ణమ్మ ఆంటీ దిగారు. తర్వాత వీధి దిగింది. ఫ్లాస్కుతో అత్తయ్య, బజ్జీల డబ్బాతో మావయ్య.

“మీరొక్కళ్లే వెళ్తే ఒక మైలే అవుద్ది కదమ్మా. రెండో మైలు మేమొచ్చాం” అన్నారు ఆంటీ. వచ్చి, మా ఇద్దరి మధ్య చోటు చేసుకుని నిలబడి, భార్యాభర్తలు ఒకరికొకరు సమయమివ్వడం ఎంత అవసరమో పాఠం అందుకున్నారు. చాలా మంచి పాఠం. చీకటి పడేదాకా సాగింది.

చెల్లెళ్లారా, అప్పుడు నాకు మళ్లీ కోపం వచ్చింది. ఎప్పుడు వచ్చిందో గమనించండి. పొద్దు గుంకిన తర్వాత! అత్తయ్య తీర్పు ప్రకారం దానికి మర్నాడు సాయంత్రం దాకా గడువుంది.

ఆంటీ వెనకనుంచి వంగి జోయెల్ చెవిలో మృదువుగా చెప్పాను. “రేపు ఐదింటికల్లా షట్టరు దించండి. ఇక్కడే రాజీపడదాం.”

ఆయన తలూపారు. ఈ సంగతి మేం గ్రూపులో పెట్టలేదు. మీరూ పెట్టకండి.