పెద్దాయన పోయాడు!

ఆ శనివారం ఉదయానికి ఆర్విన్ గుండర్సన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇద్దరికి రెండు అబద్ధాలు చెప్పాలి, ఒక వాగు దాటాలి, ఒక జింకను కొట్టాలి. మధ్యాహ్న భోజనానికల్లా ఇంట్లో ఉండొచ్చు.

తుపాకీ వేట మొదలయ్యే రోజది. బర్చ్ ఫాల్స్ ఊళ్లో మగాళ్లలో సగం మంది, ఆడవాళ్లలో పావు వంతు మంది తెల్లవారకముందే నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని ట్రక్కులెక్కేస్తారు. సొంత పొలాలున్నవాళ్లు తమ కంచెల్లోనే కూర్చుంటారు. ఆర్విన్‌లాంటి వాళ్లకు జిల్లా అడవే గతి. అది అందరిదీ. లైసెన్సు ఉన్న ఎవడైనా ఏ చెట్టు కిందైనా కూర్చోవచ్చు. మనం నెలల తరబడి తిరిగి, తిరిగి, మంచి చోటు కనిపెట్టి తెల్లారి వెళ్లేసరికి అక్కడ ఎవడో థర్మాస్ ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుంటూ, "రావయ్యా, కాస్త తాగుతావా?" అంటాడు. అందుకే ఆ అడవిలో మనిషికి సొంత ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది నోరు మూసుకోవడం ఒక్కటే.

ఆర్విన్ కొన్నేళ్లుగా నోరు మూసుకునే ఉన్నాడు. ఆల్డర్ వాగుకు అవతల, నడిస్తే మోకాలి దాకా దిగబడే చిత్తడి మధ్యలో, చిన్న మెట్ట ఒకటుంది. ఆ మెట్ట మీద ఒక ముదురు మగజింక కాపురం. ఆరేళ్లకు తక్కువ వయసుండదు. ఎద్దుకున్నంత మెడ, పాత కుర్చీ చేతుల్లా ఇటూ అటూ చాచిన కొమ్ములు, ఎక్కడికెళ్లినా మనిషి వాసన పసిగట్టడానికి గాలికి ఎదురుగా నడిచే తెలివి. తొడ లావు చెట్లకు కొమ్ములు రుద్ది బెరడు ఊడగొట్టేస్తుంది. ఆర్విన్ దానికి మనసులోనే 'పెద్దాయన' అని పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు భార్యకు కూడా తెలియదు.

మొదటి అబద్ధం బావమరిదికి. డెల్‌కు ఇంతవరకు చెప్పుకోదగ్గ జింక పడలేదు. మనిషి వెన్నలాంటివాడు, కానీ అడవిలో కూర్చుంటే చిప్స్ పొట్లం విప్పకుండా ఉండలేడు.

"నడుం పట్టేసిందిరా. ఈసారికి నేను రాలేను. నువ్వెళ్లు," అన్నాడు ఆర్విన్ ముందురోజే ఫోన్‌లో.

"అయ్యో బావా, మొదటి రోజే! నేనొచ్చి కాపడం పెట్టనా?"

"వద్దు వద్దు. మీ అక్క ఉందిగా."

రెండో అబద్ధం ఆ అక్కకు. మార్లిస్ నిద్రకళ్లతో కాఫీ పోస్తూ, "ఎక్కడికి?" అంది.

"డెల్‌తోనే. ఉత్తరం వైపు."

"వాడి చిప్స్ లాక్కో. ఒళ్లు చూడు ఎలా పెరిగిందో," అని మళ్లీ పడుకుంది.

ఆర్విన్ ట్రక్కును వాగు వంతెన దగ్గర, పడవలు దింపే రేవులో నిలిపాడు. అక్కడ చూసినవాడెవడైనా చేపలకొచ్చాడనుకుంటాడు. డెల్ పిలుస్తాడేమోనని ఫోన్ ఆపేశాడు. ఒడ్డు వెంబడి చాలా దూరం నడిచి, వంపు దగ్గర తోలు బూట్లు విప్పి ఒక విల్లో చెట్టు కింద పెట్టి, సంచిలోంచి తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు తీసి తొడుక్కున్నాడు. అవి కొన్న సంగతి కూడా మార్లిస్‌కు తెలియదు. వాగు మధ్యలో ఉండగా గాలి విసిరి నెత్తిమీది నారింజ టోపీ ఎగిరిపోయింది. అది నీళ్ల మీద తేలుతూ వెళ్లి అడ్డంగా పడున్న కొమ్మకు తగులుకుంది. పోతే పోయిందనుకున్నాడు. నారింజ చొక్కా ఒంటిమీదుంది, చట్టానికి అది చాలు. టోపీ కోసం నీళ్లలో చప్పుడు చేస్తే పెద్దాయన లేచిపోతాడు.

తెల్లవారింది. మంచు పట్టిన గడ్డి మీద ఎండ పడి పొగలొస్తున్నాయి. ఆర్విన్ ఒక పడిపోయిన స్ప్రూస్ మానుకు ఆనుకుని కూర్చున్నాడు. గాలి ముఖానికి తగులుతోంది. అంతా తాను కోరుకున్నట్టే ఉంది. గుండె చప్పుడు జింకకు వినిపిస్తుందేమోనని మాత్రం భయంగా ఉంది.

సరిగ్గా అప్పుడే రేవు దగ్గరికి క్లీటస్ బ్రాంట్ వచ్చాడు. రొట్టెల వ్యాను నడిపి రిటైరయిన మనిషి. వేటలో ఆయన పద్ధతి సులువైనది. జింకల జాడ వెతకడు, ఆర్విన్ జాడ వెతుకుతాడు. ట్రక్కు కనబడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఓహో, రేవులో దాచావా బండి!" అని అడుగుల గుర్తులు పట్టుకుని ఒడ్డు వెంట వెళ్లాడు. వంపు దగ్గర గుర్తులు ఆగిపోయాయి. చెట్టు కింద బూట్లు ఉన్నాయి. తలెత్తి చూస్తే వాగు నడుమ టోపీ ఊగుతోంది.

క్లీటస్ వెంటనే డెల్‌కు ఫోన్ చేశాడు.

"డెల్, మీ బావ ఎక్కడున్నాడు?"

"ఇంట్లో. నడుంనొప్పి. గట్టిగా మాట్లాడకు, జింకలొచ్చే వేళ."

"ఇంట్లో లేడు నాయనా! వాగులో ఉన్నాడు! బూట్లు ఒడ్డున ఉన్నాయి, టోపీ నీళ్లలో ఉంది!"

డెల్ చేతిలోని చిప్స్ పొట్లం జారిపోయింది. అక్కకు ఫోన్ చేశాడు. దుర్వార్త ఒకేసారి చెప్పకూడదని మెల్లగా మొదలుపెట్టాడు.

"అక్కా... బావ నడుం ఎలా ఉంది?"

"నడుమేమిటి? నీ పక్కనే ఉన్నాడుగా, నువ్వే అడుగు."

అటు డెల్ బావురుమన్నాడు. మాటలు తడబడి 'వాగు', 'బూట్లు', 'బావ' అనే మూడు ముక్కలే బయటికొచ్చాయి. మార్లిస్‌కు అవి చాలు. రాత్రి గౌను మీదే పసుపుపచ్చ వానకోటు తొడుక్కుని, తలుపు కూడా వేయకుండా కారెక్కింది. ఎదురింటావిడ ఆ తెరిచిన తలుపు చూసింది, మార్లిస్ 'మా ఆయన వాగులో!' అని ఏడవడం వింది. ఇంకేం, చర్చి ఆడవాళ్లందరికీ కబురు వెళ్లిపోయింది.

బర్చ్ ఫాల్స్‌లో పాస్టర్ లిండ్‌క్విస్ట్ ఆదివారం ప్రసంగం చేస్తారు, మిగతా రోజుల్లో ఊరి అగ్నిమాపక దళానికి పెద్ద. ఆయన రేవుకొచ్చేసరికి చుట్టుపక్కల కూర్చున్న వేటగాళ్లంతా దిగొచ్చారు. మొదటి రోజు ఉదయాన్ని వదులుకుని రావడమంటే మాటలు కాదు. పాస్టర్‌గారు వంపు దాకా వెళ్లి టోపీ వంక చూసి, వాగు వేగం చూసి, మార్లిస్‌కు ధైర్యం చెప్పారు.

"ఇక్కడ నీళ్లు మరీ లోతు కాదమ్మా. అవతల ఒడ్డున తేలి, చలికి దిక్కు తెలియక చిత్తడిలో తిరుగుతున్నాడేమో. అందరూ తుపాకులు బళ్లలో పెట్టి తాళాలేయండి. వంతెన దాటి వరసగా నడుద్దాం. గట్టిగా పిలవండి. డెల్, నువ్వు బూట్ల దగ్గరే ఉండు. ఇటువైపు ఎవరో ఒకరు ఉండాలి."

"ఇంత పొద్దున్నే నువ్విక్కడ ఏం చేస్తున్నావు క్లీటస్?" అని ఎవరో అడిగారు.

"చేపలకొచ్చాను," అన్నాడు క్లీటస్.

"గాలమేది?"

"ముందు నీళ్లు చూసిపోదామని," అన్నాడు క్లీటస్, వెంటనే అందరికంటే ముందు నడిచాడు.

మెట్ట మీద ఆర్విన్‌కు ఈ సంగతులేవీ తెలియవు. పెద్దాయన పొదల్లో కదిలిన చప్పుడు అప్పుడే విన్నాడు. కొమ్మ విరిగింది. మళ్లీ అంతా నిశ్శబ్దం. ఆర్విన్ ఊపిరి బిగబట్టాడు. అంతలో దూరంగా ఎవడో అరిచాడు.

"ఆర్వీ... న్!"

క్లీటస్ గొంతు. ఆర్విన్ ఒళ్లు భగ్గుమంది. 'దొరికిపోయాను! ఈ రొట్టెలవాడు ఇక్కడిదాకా వచ్చాడా!' అనుకుని మాను వెనక నేలకు అతుక్కుపోయాడు.

"ఆర్విన్‌గారూ! వినబడుతోందా?"

'పాస్టర్ కూడానా!' అనుకున్నాడు. పదవిలో ఉన్న మనిషి, ఆయన కూడా ఇంకొకరి చోటు కొట్టేయాలని చూస్తాడా! ఆ తర్వాత ఇంకో గొంతు, ఇంకో గొంతు. ఊరు ఊరంతా తన రహస్యం మీదికి వరసకట్టి నడిచొస్తోంది. ఎవరు చెప్పారు? ఎలా తెలిసింది? పిలుపులు దగ్గరయ్యేకొద్దీ ఆర్విన్ ఇంకాస్త లోపలికి పాకాడు. మనుషులు ఎంత ఆత్రంగా వెతుకుతుంటే అంత జాగ్రత్తగా దాక్కున్నాడు.

అప్పుడొచ్చాడు పెద్దాయన.

అరుపులకు బెదిరి పొదల్లోంచి బయటికొచ్చి, ఆర్విన్‌కు ఎదురుగా, రాయి విసిరితే తగిలేంత దూరంలో పక్కకు తిరిగి నిలబడ్డాడు. ముక్కుపుటాల్లోంచి పొగ. కొమ్ముల మీద మంచు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు ఆర్విన్. రైఫిల్ దానంతటదే భుజానికెక్కింది. తుపాకీ గురి అద్దంలో జింక భుజం కండ కనబడింది. ట్రిగ్గర్‌కు వేసిన సేఫ్టీ తాళం తీశాడు. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది.

పెద్దాయన వెనక, చెట్ల సందులో, ఏదో పసుపుపచ్చగా కదిలింది.

"ఆర్విన్! నిన్ను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటానయ్యా! ఎక్కడున్నా పలకవయ్యా!"

మార్లిస్! చిత్తడి అంటే అసహ్యించుకునే మార్లిస్! ఆర్విన్ వేలు నిప్పు తగిలినట్టు వెనక్కొచ్చింది. తుపాకీ మూతి నేలకు దించేసి తాళం వేశాడు. ఆ క్షణంలోనే పెద్దాయన తెల్లతోక ఎత్తి ఒక్క గెంతు గెంతి, వాగు వైపు పోయాడు. ఆర్విన్ లేచి నిలబడి, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, ఏడుపు గొంతుతో కేక పెట్టాడు.

"పోయాడు! పెద్దాయన పోయాడు!"

మార్లిస్ పరుగున వచ్చి మెడ చుట్టేసింది. వెనక వచ్చిన పాస్టర్‌గారు ఆ కేక విని టోపీ తీసేశారు.

"ఎవరు పోయారు ఆర్విన్‌గారూ?"

"పెద్దాయనండీ! నా కళ్ల ముందే! వాగులోకి..."

"ఓరి దేవుడా, ఇంకొకడు కూడా ఉన్నాడా!" అన్నాడు క్లీటస్. "నీతో వచ్చాడా?"

"నాతో ఎందుకొస్తాడు? ఆయన ఇక్కడే ఉంటాడు!"

"ఈ చలిలో? ఒక్కడేనా?"

"సీజన్‌లో ఆడవాళ్ల వెంట తిరుగుతాడు. మామూలప్పుడు ఒక్కడే!"

పాస్టర్‌గారి ముఖం పాలిపోయింది. చిత్తడిలో దిక్కులేక బతుకుతున్న ముసలాయన తన చర్చి పరిధిలో ఉన్నట్టు ఆయనకు ఇన్నాళ్లూ తెలియలేదు. "అందరూ వాగుకు! ఇంకొకాయన నీళ్లలో పడ్డాడు! ముసలాయన!" అని విజిల్ ఊదారు. అలసిపోయిన జనం మళ్లీ పరుగెత్తారు. "ఏం బట్టలు వేసుకున్నాడు?" అని ఎవరో అడిగితే, "గోధుమరంగు," అని ఇంకెవరో ఊహించి చెప్పారు. "ముసలాయన కాదు, జింక!" అని ఆర్విన్ అరుస్తూనే ఉన్నాడు, కానీ విజిల్ గోలలో అది మార్లిస్‌కు తప్ప ఎవరికీ వినబడలేదు.

మార్లిస్ మెడ వదిలింది. "జింకా?" అంది. రబ్బరు బూట్ల వంక చూసింది. "ఇవెక్కడివి?" అంది. ఆ తర్వాత వెనక్కి తీసుకున్నవన్నీ మళ్లీ ముందుకు తెచ్చింది, కొత్తవి కూడా కలిపి.

ఇక్కడ ఇలా జరుగుతుండగా వాగుకు ఇవతల డెల్ ఒక్కడే విల్లో చెట్టు కింద కూర్చుని, బావ బూట్లు ఒళ్లో పెట్టుకుని ఏడుస్తున్నాడు. నేరుగా తన వేటచోటు నుంచి వచ్చినవాడు కాబట్టి రైఫిల్ పక్కనే ఉంది. తాళాలేయమన్న మాట ఏడుపులో వాడి చెవికెక్కలేదు. నీళ్లలో పెద్ద చప్పుడైంది. బావేమోనని తలెత్తాడు. కొమ్ములు ఈదుకుంటూ వస్తున్నాయి. పెద్దాయన ఒడ్డెక్కి, నీళ్లు విదిలించుకుని, ఏడుస్తున్న మనిషిని పట్టించుకోకుండా పక్కనుంచే కొండవాలు ఎక్కసాగాడు. ముందు వాలు, ఆ పైన మట్టిగట్టు, మనిషన్నవాడు లేడు. డెల్ కళ్లు తుడుచుకున్నాడు. ఒక్కటే దెబ్బ.

ఆ శబ్దానికి అవతలి ఒడ్డున అందరూ ఆగిపోయారు. వంతెన దాటి ఆర్విన్ అక్కడికి చేరేసరికి డెల్ జింక పక్కన మోకాళ్ల మీదున్నాడు. బావను చూసి లేచి, దెయ్యాన్ని చూసినట్టు కెవ్వుమన్నాడు. తర్వాత వాటేసుకుని, ఒక చేత్తో బావను, ఒక చేత్తో కొమ్మును పట్టుకుని, దేనికి ఏడుస్తున్నాడో తనకే తెలియకుండా ఏడ్చాడు.

"నువ్వు బతికున్నావు బావా! ఇదిగో చూడు ఎంత పెద్దదో! నువ్వు బతికున్నావు!"

పాస్టర్‌గారు గోధుమరంగు ముసలాయనను అప్పటికి గుర్తుపట్టారు. ఎవరికీ కనబడకుండా మళ్లీ టోపీ పెట్టుకున్నారు.

ఆర్విన్ వంగి కొమ్ముల మొదలు తడిమి చూశాడు. ఇన్నేళ్లుగా చెట్ల బెరడు మీద మాత్రమే తాకిన గరుకు అది. డెల్ మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పు బావా. నువ్వు దీనికోసమేగా వచ్చావు? ఇది నీదేగా?"

ఆర్విన్ వాడి ముఖం చూశాడు. కళ్లు ఉబ్బి, ముక్కు ఎర్రబడి, చిప్స్ పొడి గడ్డానికంటి ఉంది. ఆ బూట్లు ఇంకా చంకలోనే ఉన్నాయి.

"ప్రభుత్వ అడవిరా ఇది. నాదేముంది ఇందులో? నువ్వు కొట్టావు, నీది. రా, కాళ్లు పట్టు, లాగుదాం."

వెతకడానికి వచ్చినవాళ్లంతా తలా ఒక చెయ్యి వేసి పెద్దాయనను ట్రక్కుదాకా చేర్చారు. క్లీటస్ అడుగడుగునా ఆగి, ఆ మెట్టకు దారి ఎటో, ఏ వంపు దగ్గర దాటాలో అడుగుతూనే ఉన్నాడు. అందరూ బదులు చెబుతూనే ఉన్నారు. ఎందుకంటే ఇప్పుడు అందరికీ తెలుసు.

ఇంటికొచ్చేసరికి తెరిచిన తలుపులోంచి చర్చి ఆడవాళ్లు లోపలికొచ్చి, బల్ల మీద సంతాపానికి వండిన హాట్‌డిష్ గిన్నెలు పేర్చి పెట్టారు. బంగాళాదుంపలు, జున్ను, పుట్టగొడుగుల పులుసు ఘుమఘుమలాడుతున్నాయి. ఆర్విన్ లోపలికి రాగానే ఒకావిడ చేతిలో గరిటె జారిపోయింది. ఇంకొకావిడ తేరుకుని, ఎలాగూ వండాం కదా, చల్లారకముందే కూర్చోమంది. మార్లిస్ మొగుడికి అందరికంటే పెద్ద ముద్ద వడ్డించింది, తిట్టడం మాత్రం ఆపలేదు.

మర్నాడు ఆదివారం పాస్టర్ లిండ్‌క్విస్ట్ బల్లగుద్ది, నిన్న వాగు ఒడ్డున ఒక మనిషి కన్నీళ్లతో చేసిన ప్రార్థన ఫలించిందని ప్రకటించారు. డెల్ ఏం ప్రార్థించాడో ఆర్విన్ అడగలేదు.