పిండని దుప్పట్లు

వంశీధర్‌ను బావమరుదులు ‘ఆరంభం బావ’ అంటారు. మనిషి మంచివాడే. కాకపోతే ఏ పని మొదలుపెట్టినా మొదటి వారం ఇల్లు దద్దరిల్లిపోతుంది, రెండో వారం ఆ సామాను మంచం కిందకు చేరుతుంది. హార్మోనియం, యోగా చాప, తేనెటీగల పెంపకం మీద రెండు పుస్తకాలు, అన్నీ అక్కడే ఉన్నాయి. మంచం కింద ఊడ్చినప్పుడల్లా భార్య సీతామహాలక్ష్మి వాటిని పేరుపేరునా పలకరిస్తుంది.

ఈ ఫిబ్రవరిలో ఆయన మనసు పచ్చిక మీదకు పోయింది. అమీర్‌పేటలో వాళ్ళది కింది అంతస్తు ఫ్లాటు. వెనకవైపు నాలుగు మంచాలు పట్టేంత మట్టినేల ఉంది. గోంగూర వేద్దామని సీతామహాలక్ష్మి దాన్ని తవ్వించి పెట్టుకుంది. ఆమె అలా కూరగాయలకని వెళ్ళి వచ్చేలోగా ఈయన ఆ నేలంతా గడ్డి విత్తనాలు చల్లేశాడు.

“నా గోంగూర మడిలో గడ్డేంటండీ?”

“దీన్ని లాన్ అంటారు.”

“ఆవు వచ్చి అడిగినా అలాగే చెబుతారా?”

వాదన రెండు పూటలు నడిచి, ఒప్పందం దగ్గర ఆగింది. మూడు వారాల్లో పచ్చిక లేస్తే నేల ఆయనది, లేకపోతే ఆమెది. ఆమె మాత్రం చుక్క నీరు కూడా పోయదు. ఓడిపోతే ఆయన ఇక జన్మలో కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు. ఈ చివరి షరతు ఆయనకు లోపల ఎక్కడో గుచ్చుకుంది. యాభై మూడేళ్ళు వచ్చాయి, ఒక్క పనైనా చివరంటా చేశాడనిపించుకోవాలని ఆయనకు నిజంగానే ఉంది.

విత్తనాలు అమ్మిన నర్సరీ మహేశ్ ఓ బస్తా పీట్ మాస్ కూడా అంటగట్టాడు. ఏళ్ళ తరబడి నీళ్ళలో మగ్గిన నాచు పొడి అది.

“గింజల మీద పల్చగ పరువుర్రి సార్. తడి పట్టుకొని ఉంటది. తడిగున్నంతసేపు నల్లగ కనవడ్తది, ఎండితె ముక్కుపొడి రంగుకొస్తది. గా రంగు మాత్రం రానియ్యొద్దు. పైపు వెడితె గింజలు కొట్టుకపోతయి. దినాం నాలుగుసార్లు మెల్లగ జల్లాలె.”

వంశీధర్ ఆఫీసు పంజగుట్టలో. మెట్రోలో ఒక్క స్టేషనే గానీ, గడ్డికి నీళ్ళు చల్లడానికి రోజుకు నాలుగుసార్లు పంపించే మేనేజరు ఇంకా పుట్టలేదు. ఏం చెయ్యాలా అని పెరట్లో నిలబడ్డాయనకు బట్టలారేసే తాడు కనిపించింది. వెంటనే దాన్ని విప్పి మడి మీదుగా వచ్చేటట్టు కట్టాడు. నీళ్ళోడే దుప్పటి ఆరేస్తే చుక్క తరవాత చుక్క కారుతూనే ఉంటుంది. పైపు అక్కర్లేదు, పెళ్ళాం కాళ్ళు పట్టుకోనూ అక్కర్లేదు.

“లక్ష్మీ, ఇవాళ్టి నుంచి బట్టల పని నాది.”

సీతామహాలక్ష్మి గరిటెతో సహా బయటికి వచ్చింది. “ఒంట్లో బాగానే ఉందా?”

“నీకు కాస్త సాయంగా ఉంటుందని.”

“ముప్పై ఏళ్ళకు గుర్తొచ్చానన్నమాట.”

వాషింగ్ మెషిన్ చివర్లో గిరగిరా తిరిగి నీళ్ళన్నీ పిండేస్తుంది కదా. ఆ ఘట్టం రాకముందే వంశీధర్ మెషిన్ గొంతు నొక్కి, కారుతున్న బట్టల్ని ఒళ్ళంతా తడుపుకుంటూ మోసుకెళ్ళేవాడు.

“వీటిని పిండలేదేంటి?”

“పిండితే నూలు దెబ్బతింటుంది. శాస్త్రం.”

“అయితే శాస్త్రానికి కర్టెన్లు కూడా ఇస్తానుండండి,” అంది ఆమె.

ఇచ్చింది. ఆ తరవాత సోఫా గుడ్డలు, దిండు గలీబులు, అటక మీద పదేళ్ళుగా నిద్రపోతున్న దుప్పట్లు వరసగా దిగాయి. తన ఎత్తు ఇంత చక్కగా పారుతున్నందుకు ఆయన లోలోపల మురిసిపోయాడు.

ఆరో రోజున తడి దుప్పటి తాడు మీదకు విసరబోతే కుడి భుజంలో కలుక్కుమంది. ఆయన అలాగే నిలబడిపోయాడు. సీతామహాలక్ష్మి నిరుడంతా ఆ భుజానికే మందు రాసుకుంది. ఆ వాసన పడక “అవతలి గదిలో రాసుకోరాదూ” అన్నాడు తను. నొప్పి ఎందుకొచ్చిందని మాత్రం అడగలేదు. ఆ మాట గుర్తొచ్చి ఆయనకు సిగ్గేసింది. చేతిలో దుప్పటి ఇంకా బరువెక్కింది.

పదో రోజుకు ఇంట్లో ఉతకడానికి ఏమీ మిగల్లేదు. పై అంతస్తు రుద్రమ్మ మెట్లు దిగుతుంటే ఆయన ఎదురెళ్ళాడు.

“మీ ఇంట్లో దుప్పట్లేమైనా ఉంటే ఇవ్వండమ్మా, ఉతికిపెడతాను.”

రుద్రమ్మ కాసేపు ఆయన్ని ఎగాదిగా చూసి, పైకి పోయి గంపెడు తెచ్చిచ్చింది. సాయంత్రం ఆమె భర్త రాజనర్సయ్య కిందికి దిగొచ్చాడు.

“సార్, మీ ఇంట్ల మీరేమన్న ఉతుక్కోర్రి. నా కొంపెందుకు ముంచుతున్నరు? గిప్పుడు మా ఆమె నన్ను సుత ఉతకమంటున్నది.”

ఇలా ఇరుగుపొరుగు కాపురాల దాకా వెళ్ళిన వ్యవహారం పదమూడో రోజున తాడు మీదకు వచ్చింది. సీతామహాలక్ష్మి ఎక్కడి నుంచి తీసిందో నాలుగు ఉన్ని రగ్గులు తీసింది. ఆయన నాలుగింటినీ ఒకేసారి ఆరేశాడు. తాడు పుటుక్కున తెగి, రగ్గులన్నీ మడి మీద బోర్లా పడ్డాయి. లాగబోతే కింద పీట్ మాస్ కదిలిపోతోంది. పది గంటలకు ఆఫీసులో మీటింగు. వదిలేసి వెళ్ళిపోయాడు.

మీటింగులో ఎవరేం మాట్లాడారో ఆయనకు తెలియదు. నిన్నటి నుంచి అక్కడక్కడా తలెత్తుతున్న మొలకలు ఈపాటికి ఊపిరాడక చచ్చి ఉంటాయి. ఇదీ మంచం కిందకే అనుకున్నాడు. సగం రోజు సెలవు పెట్టి ఇంటిదారి పట్టాడు.

సందు మలుపు తిరిగి పెరటివైపు వచ్చి ఆగాడు. రగ్గులు నాలుగూ గోడ మీద పరిచి ఉన్నాయి. మెట్ల మీద రుద్రమ్మ కూర్చుంది. సీతామహాలక్ష్మి చెంబులో వేళ్ళు ముంచి, ఎడమ చేత్తో మడి మీద నీళ్ళు చిలకరిస్తోంది. రోజూ పొద్దున గుమ్మం ముందు కళ్ళాపి చల్లేటప్పుడు తిరిగినట్టే ఆ మణికట్టు తిరుగుతోంది. ఒక్క గింజ కదలడం లేదు. నేలంతా నల్లగా, సమంగా తడిసి ఉంది. దాని మీద ఆ చివర నుంచి ఈ చివరదాకా పసిబిడ్డ తలలా లేత పచ్చటి నూగు.

“దినాం మూడుసార్లు నువ్వే జల్లవడ్తివి అక్కా. సారేమో అంత బట్టల నీళ్ళతోనే అయితున్నదనుకుంటుండు. చెప్పరాదు?” అంది రుద్రమ్మ.

“చెబితే రేపట్నుంచి ఎవరు ఉతుకుతారు?”

వంశీధర్ దగ్గాడు. రుద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది.

“నేను గెలిస్తే నీ మడి పోతుంది కదా లక్ష్మీ,” అన్నాడు ఆయన, ఎటు చూడాలో తెలియక రగ్గుల వైపు చూస్తూ.

“గోంగూర మైత్రివనం దగ్గర బండి మీద ఎన్ని కట్టలైనా దొరుకుతుంది. భుజం ఏ బండి మీదా అమ్మరు.”

ఆయన గోడ మీది రగ్గు అంచు సర్దాడు. “నొప్పి తగ్గిందా?” అని అడిగాడు చివరికి.

“సగం తగ్గింది.”

“మూడు వారాలకు ఇంకా ఎనిమిది రోజులున్నాయిగా. ఆ తరవాత?”

“మహేశ్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. పచ్చిక బతికినంత కాలం తడి ఉండాల్సిందేనట,” అని ఆమె ఖాళీ చెంబు ఆయన చేతిలో పెట్టింది.