పెయ్యకో న్యాయం, మారెన్‌కో న్యాయం

ఆరింటికి బయల్దేరాలి, ఏడున్నరకల్లా మైదానం చేరాలి, తొమ్మిదిలోపు పశువుల డాక్టరు పరీక్ష అయిపోవాలి, పన్నెండుకి పోటీ. లైల్ క్వామె ఇదంతా ముందురోజే కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. భార్య జోలీన్‌కి చీజ్ ఫ్యాక్టరీలో ఉదయం షిఫ్టు. తిన్నగా పోటీ సమయానికి వచ్చేస్తానంది. ట్రైలరు కడగడం, గడ్డి సర్దడం, కాఫీ ఫ్లాస్కులో పోసుకోవడం అన్నీ అయిపోయాయి. విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తం మీద కౌంటీ పశుప్రదర్శనకి ఇంత సిద్ధంగా వెళ్ళే మనిషి ఇంకొకడు ఉండడని తనలో తనే మురిసిపోయాడు. అలా మురిసిపోయిన రోజే ఏదో ఒకటి వచ్చి నెత్తిన పడటం ఆయనకి కొత్త కాదు.

ప్రదర్శనకి వెళ్తున్నది టాఫీ, ఐదు నెలల జెర్సీ పెయ్య. పుట్టిన మూడో రోజు నుంచి దానికి పాలు పట్టింది, తాడు పట్టి నడక నేర్పింది, కడిగింది, దువ్వింది అంతా లైల్ కూతురు, పదకొండేళ్ళ మారెన్. లేతపెయ్యల పోటీలో ఏ పెయ్యకైనా ఒక్క ఏడాదే చోటు. వచ్చే వేసవికి టాఫీ పెద్దదైపోతుంది. అంటే ఉన్నది ఒకే ఒక్క అవకాశం. ఆ సంగతి మారెన్ మార్చి నుంచి రోజుకోసారి ఇంటిల్లిపాదికీ గుర్తు చేస్తూనే ఉంది.

ఇక్కడ లైల్ చేసిన ఘనకార్యం ఒకటి చెప్పుకోవాలి. నిన్న సాయంత్రం మారెన్ స్నానాలగదిలో దూరి ముప్పావుగంటైనా బయటికి రాలేదు. ఆ సందులో ఈయన ఊరికే కూర్చోలేక పాకలోకి వెళ్ళాడు. టాఫీ చెవి వెనక నాలుగు వెంట్రుకలు నిక్కపొడుచుకుని కనిపించాయి. బొచ్చు కత్తిరించే మిషను పక్కనే ఉంది. ఇంకెప్పుడూ దాన్ని ముట్టనని పోయినేడు కూతురికి మాటిచ్చాడు. ఎందుకివ్వాల్సి వచ్చిందో పోయినేటి దూడ ఫోటో చూసినవాళ్ళెవరూ అడగరు. అయినా నాలుగు వెంట్రుకలే కదా అనుకున్నాడు. మిషను పెట్టేవేళకి టాఫీ తల తిప్పింది. చెవి వెనక గుండ్రంగా, పావలా బిళ్ళంత బోడి మచ్చ తేలింది. లైల్ దాని తలకి కట్టిన తోలు పట్టీని కాస్త వెనక్కి లాగి, మచ్చ దాని కింద దాచేసి, మిషను ఎక్కడిదక్కడ పెట్టి, ఏమీ ఎరగనట్టు ఇంట్లోకొచ్చి పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు.

పొద్దున్న ఐదున్నరకి మారెన్ మెట్లు దిగింది. ఆగస్టు ఉక్కలో స్వెట్టరు వేసుకుని, దాని టోపీ కళ్ళ మీదికి లాక్కుంది. నానమ్మ లవోన్ ఊరుకునే మనిషి కాదు. టోపీ పట్టుకుని వెనక్కి లాగేసింది. రెండు బుగ్గల మీదా, గడ్డం మీదా, గిన్నె బోర్లించి గీసినట్టు ఎర్రగా గుండ్రటి మచ్చలున్నాయి.

"ఎప్పట్నుంచే ఇవి?"

"లేచేసరికి ఉన్నాయి," అంది మారెన్ నేలచూపులు చూస్తూ.

"తామర," అని తేల్చేసింది లవోన్. "మా నాన్న పాకలో ఒక ఏడు మా అందరికీ అంటుకుంది. దూడల్నించే వస్తుంది. ఇంత గుండ్రంగా ఉందంటే ఇంక అనుమానమే అక్కర్లేదు."

మారెన్ ఔననలేదు, కాదనలేదు. లైల్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. తామరున్న దూడని గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు. తామరొస్తే దూడకి వెంట్రుకలు రాలి గుండ్రటి బోడి మచ్చ పడుతుంది, అచ్చం టాఫీ చెవి వెనక ఉన్నలాంటిది. అది నా నిర్వాకమని ఇప్పుడు ఒప్పుకుంటే మాట తప్పినవాడినవుతాను, ఒప్పుకోకపోతే ఎవరూ చూడకపోవచ్చు కూడాను, అని లెక్కేసుకుని నోరు మూసుకున్నాడు.

లవోన్ మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఆవుల పొదుగు పగిలితే రాసే మలాము రేకుడబ్బా తీసింది. ఆ ఇంట్లో దెబ్బ తగిలినా, దగ్గొచ్చినా, తలుపు కిర్రుమన్నా అదే మందు. మనవరాలి ముఖానికి వేలు మందాన పట్టించింది. ట్రైలరులో టాఫీని ఎక్కించి గడ్డి పరిచేసరికి ఆ జిడ్డు మీద గడ్డిపొట్టు అంతా వచ్చి అతుక్కుంది. మారెన్ కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

మైదానంలో పశువుల పాకకి పెద్ద బెర్నీస్ స్టుబీ. ముప్పయ్యేళ్ళుగా ఆ పాకలో ఈగ వాలాలన్నా ఆవిడ అనుమతి కావాలి. ఆవిడకి లవోన్ పాత స్నేహితురాలు. అందుకే పలకరింపు అవగానే, మా పిల్లకి కాస్త తామరొచ్చింది, పెయ్య మాత్రం నిక్షేపంగా ఉంది అని లవోన్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. లైల్ తల్లి కాలు తొక్కాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. బెర్నీస్ టాఫీ చుట్టూ ఒకసారి తిరిగి, తోలు పట్టీని ఒక్క వేలితో పక్కకి జరిపింది.

"మరి ఇదేంటి?"

లైల్ వంగి బూటు తాడు బిగించుకున్నాడు. మారెన్ ఆ మచ్చకేసి చూసి కొయ్యబారిపోయింది. ఐదు నెలలుగా ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టినట్టు దువ్వుతున్న పిల్లకి అది ఎక్కణ్ణించి వచ్చిందో అంతుబట్టలేదు. నిజంగానే దీనికి తామరేనా, నా వల్లే వచ్చిందా అని ఆ పిల్లకి భయం పట్టుకుంది. తన ముఖం సంగతి తనకి బాగా తెలిసి కూడా అలా అనిపించింది.

ఎనిమిదింటికి, ఎవరూ దగ్గరికి రాకుండా టాఫీ చుట్టూ పసుపురంగు పట్టీ కట్టారు. పోయిన శనివారం, మారెన్ చేరిన దూడల పెంపకం క్లబ్బు పిల్లలంతా కలిసి దూడల్ని కడిగారు, ఒకరి బ్రష్షులు ఒకరు వాడుకున్నారు. అంటే ఆ క్లబ్బు దూడలు పదకొండూ అనుమానమే. బ్రష్షులన్నీ తెచ్చి బ్లీచింగు నీళ్ళ తొట్టిలో పడేశారు. పిల్లల్ని వరసగా నిలబెట్టి బెర్నీస్ ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చింది. మారెన్ ప్రాణస్నేహితురాలు కిన్లీ చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీయిస్తే రెండు బుగ్గల మీదా గుండ్రటి మచ్చలు. వరస చివర ష్మిట్ వాళ్ళ అమ్మాయి వెనక్కి వెనక్కి జరుగుతోంది. ఆ పిల్లకి నుదుటి మీద కూడా ఉన్నాయి.

"ముగ్గురు," అంది బెర్నీస్. ఆ మాట విన్నవాళ్ళంతా ఒక అడుగు వెనక్కేశారు.

ఆ తర్వాత ఎవరు ఆపినా ఆగేది కాదు. పక్క క్లబ్బువాళ్ళు మా దూడల్ని ఎటు మార్చాలి అని మీద పడ్డారు. కిన్లీ తండ్రి డ్వేన్, నలభై మైళ్ళు తోలుకొచ్చింది ఇందుకా అని గొణుక్కుంటూ తమ దూడని తిరిగి ట్రైలరు ఎక్కించడం మొదలెట్టాడు. గొర్రెల పాకవాళ్ళు తలుపులు మూసేసుకున్నారు. పాక మొత్తం ఖాళీ చేయించి ఈ ఏడుకి పోటీలు ఆపేద్దామా అని ఎవరో ఫోనులో అడుగుతున్నారు. ముగ్గురు ఆడపిల్లలూ గడ్డిమోపు మీద పక్కపక్కన కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూడకుండా బూట్లకేసి చూసుకుంటున్నారు. లైల్ రెండుసార్లు బెర్నీస్ దాకా వెళ్ళి, ఎండ బాగా కాస్తోందని చెప్పి వెనక్కొచ్చాడు.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా డాక్టర్ పావ్లక్ వచ్చింది. అరవై దాటిన మనిషి, మాట పొదుపు. ఎవరు ఏం చెబుతున్నా వినిపించుకోకుండా పసుపు పట్టీ కింద నుంచి దూరి టాఫీ చెవి వెనక టార్చి వేసి చూసింది. బొటనవేలితో మచ్చ మీద అటూ ఇటూ రాసింది.

"తామర కాదు. వెంట్రుకలు రాల్లేదు, తెగాయి. ఎవరో మిషను పెట్టారు."

లైల్‌కి ప్రాణం లేచొచ్చింది. అది ఒక్క క్షణమే.

"అంటే రోగం కనిపించకుండా గొరిగేశారన్నమాట," అంది బెర్నీస్. "రోగం దాచి దూడని తెస్తే ఏం చేస్తామో రూల్సులో రాసే ఉంది. ఆ పిల్ల మళ్ళీ ఈ పాకలో అడుగు పెట్టకూడదు."

మారెన్ లేచి నిలబడింది. "నేను మిషను ముట్టుకోలేదు," అంది. ఎవరూ నమ్మినట్టు కనబడలేదు. టాఫీ తాడు రెండు చేతులా పట్టుకుని, "నిజంగా ముట్టుకోలేదు," అంది మళ్ళీ.

లైల్ ఇక తట్టుకోలేకపోయాడు.

"గొరిగింది నేను. నిన్న సాయంత్రం. రోగమూ లేదు, రొష్టూ లేదు, నాలుగు వెంట్రుకలు సరిచేద్దామనుకున్నాను."

పాకలో ఎక్కడో ఒక దూడ అంబా అంది. మారెన్ తండ్రికేసి తిరిగింది.

"మాటిచ్చావు నాన్నా."

"ఇచ్చానమ్మా."

"పొద్దుట్నుంచీ తెలుసు నీకు."

"తెలుసు," అన్నాడు లైల్. కూతురు అరిచినా బావుండునని అనిపించింది.

బెర్నీస్‌కి ఇంకా తృప్తి కలగలేదు. సరే, దూడని వాళ్ళ నాన్న గొరిగాడు, ముగ్గురు పిల్లల ముఖాలు కూడా ఆయనే గొరిగాడా అని అడిగింది. అందరి కళ్ళూ గడ్డిమోపు మీదికి మళ్ళాయి. మారెన్ కాసేపు తండ్రిని చూసింది. తర్వాత స్వెట్టరు జేబులో చెయ్యి పెట్టి చిన్న గాజుసీసా తీసి డాక్టరు చేతిలో పెట్టింది.

"ఇలాంటివి నాలుగున్నాయి. ముగ్గురం కలిసి కొనుక్కున్నాం. గుండ్రటి దూదిబిళ్ళలు ఇందులో ముంచి ముఖానికి అంటించుకోవాలి."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. మేం ముప్పావుగంట ఉంచాం." ఒక్క క్షణం ఆగి, "త్వరగా పనిచేస్తుందని," అంది.

ఎందుకు అని డాక్టరు అడగలేదు గానీ మారెనే చెప్పింది. జడ్జి దగ్గరికొచ్చి చూస్తాడట, ఫోటో తీస్తారట, మారెన్ ముక్కు మీద సన్నటి గుంటలు కనిపిస్తున్నాయని కిన్లీ అందట. ముందు తన ముక్కునే అన్నారని కిన్లీ ఏడుపు మొదలెట్టింది. డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని సీసా మీది అక్షరాలు చదివింది.

"ముడతలు పోగొడుతుందట. నీకు ఎన్ని ముడతలున్నాయమ్మా?" డాక్టరు కళ్ళజోడు తీసేసింది. "నేను మనుషుల డాక్టర్ని కాను, నీ ముఖానికి మందు చెప్పకూడదు. మంట తగ్గకపోతే మీ అమ్మ మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. నీ పెయ్య సంగతి మాత్రం అడగొచ్చు. దీన్నెలా కడుగుతావు?"

అంతవరకూ నసిగిన పిల్లకి ఒక్కసారిగా మాట వచ్చేసింది. గోరువెచ్చటి నీళ్ళు, కొంచెం సబ్బు, అదీ వాసన లేనిది. గట్టిగా రుద్దకూడదు, సబ్బు జాడ లేకుండా కడగాలి, తువ్వాలుతో అద్దాలి. ఎండెక్కితే నీడలోకి మార్చాలి. కొత్త సబ్బు తెస్తే ముందు తోక మొదట్లో కాస్త రాసి రెండ్రోజులు ఆగి చూడాలి. పోటీకి రెండు వారాల ముందు నుంచి కొత్తది ఏదీ దగ్గరికి రానివ్వకూడదు. ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది.

"బావుంది," అని డాక్టరు సీసా మూత తీసి టాఫీ వైపు చాపింది. "ఇది దీనికి రాస్తావా?"

మారెన్ అడ్డంగా వచ్చి నిలబడింది. "మీకేమైనా మతిపోయిందా డాక్టరుగారూ? అది చిన్నపిల్ల. దాని చర్మం ఎంత మెత్తగా ఉంటుందో మీకు తెలీదా? ఎందుకు రాస్తాను?"

అనేసి ఆగిపోయింది. డాక్టరు సీసాకి మూత బిగించి మారెన్ చేతిలో పెట్టి, కాగితం మీద సంతకం చేసి, గడియారం చూసుకుంది. తొమ్మిదికి రెండు నిమిషాలుంది. బెర్నీస్ పసుపు పట్టీ తనే చుట్టేసింది. డ్వేన్ దూడని ట్రైలరు నుంచి మళ్ళీ దింపాడు. లవోన్ మనవరాలి ముఖం మీది మలాము చల్లటి నీళ్ళతో కడిగి, తువ్వాలుతో అద్ది, తన వెడల్పు టోపీ తీసి పెట్టింది. తువ్వాలు అద్దుతున్నంతసేపూ మారెన్ ఎలా అద్దాలో చెబుతూనే ఉంది.

పన్నెండింటికి మారెన్ ఎర్రటి బుగ్గలతోనే టాఫీని నడిపించింది. జడ్జి ఆ పెయ్య వీపు మీద చెయ్యి వేసి, ఈ వరసలో ఇంత ఆరోగ్యంగా ఉన్న చర్మం ఇంకోటి లేదన్నాడు. చెవి వెనక్కి వెళ్ళి, కత్తిరింపు మాత్రం ఘోరంగా ఉందన్నాడు. రెండో బహుమతి వచ్చింది. చప్పట్లు కొడుతున్న జోలీన్, పొద్దున్న ఏమైనా విశేషాలా అని పక్కనున్న భర్తనీ అత్తగారినీ అడిగింది. ఏం లేవన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఇంటికొచ్చాక మారెన్ పాకలోంచి ఒక ఇనప్పెట్టె తెచ్చింది. తన సీసా, మిగతా ఇద్దరి దగ్గరా వసూలు చేసిన మూడు సీసాలూ అందులో పెట్టి, తండ్రి ముందు చెయ్యి చాపింది. లైల్ మారుమాట్లాడకుండా బొచ్చు కత్తిరించే మిషను తెచ్చి సీసాల పక్కన పెట్టాడు. తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న విషయంలో కాస్త వాదన జరిగింది. చివరికి దాన్ని టాఫీ మెడలో కట్టారు.